హర్రాజులో పోయిన శనివారం

నాంపల్లి,
1936 సెప్టెంబరు 6

ప్రియమైన చిన్నమ్మకు, వసుమతి వందనాలు.

నిన్ను కాచిగూడలో మెదక్ దవాఖానకు రైలెక్కించి వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఒక కొత్త చప్పుడు వినబడుతోంది. చాలాసేపు అదేమిటో తెలియలేదు. తీరా చూస్తే గడియారం! నువ్వున్నన్నాళ్లూ మనింట్లో గడియారం ఉందని కళ్లకు తెలుసు గానీ చెవులకు తెలియదు. నీ అడుగులు, నీ గిన్నెలు, వాకిట్లో నిన్ను పిలిచే వాళ్ల గొంతులు దాన్ని ఎప్పుడూ మాట్లాడనివ్వలేదు.

నిన్ను మెదక్‌కు రమ్మన్న డాక్టరమ్మ అన్న మాట మళ్లీ రాస్తున్నాను, ఎందుకంటే నువ్వు దాన్ని మర్చిపోవాలని చూస్తావు. "గుండె అలిసిపోయింది అనసూయమ్మా. క్రిస్మస్ దాంక మంచం దిగొద్దు. మాట వినకుంటే ఇగ నా చేతుల లేదు." చర్చి మెట్ల మీద నువ్వు కూలబడినప్పుడు నీ చెయ్యి పట్టుకున్నది నేనే. ఆ చెయ్యి ఎంత చల్లగా ఉందో నీకు తెలియదు, నాకు తెలుసు. అమ్మ పోయిన నాటి నుంచి నాకు అమ్మవు నువ్వే. కాబట్టి దయచేసి పడుకో.

ఇక్కడి పని గురించి ఫికర్ వద్దు. ఆదివారం బడి, పాటల సాధన, స్త్రీల కూటం, అఫ్జల్‌గంజ్ దవాఖానలో రోగులను చూసి రావడం, అన్నీ నేను చేస్తాను. ఆబిడ్స్‌లో మా బడి నాలుగింటికి వదులుతారు కదా, తర్వాత సాయంత్రమంతా నాదే. పక్కింటి యాదవ్వ పెద్దమ్మ రాత్రిళ్లు తోడు పడుకుంటోంది. ఆమె గురక ముందు గడియారం మళ్లీ ఓడిపోయింది.

మా తెలుగు పంతులు వామన్‌రావు గారు మొన్న 'సేదతీరడం' అనే మాట చెప్పారు. ఇంటికి వచ్చేదాకా దాన్ని నోట్లో బెల్లంముక్కలా పెట్టుకుని నడిచాను. అది నీకే పంపిస్తున్నాను. నువ్వక్కడ సేదతీరాలి.

నీ బిడ్డ,
వసుమతి

*

మెదక్,
సెప్టెంబరు 12

చిరంజీవి వసుమతికి, చిన్నమ్మ దీవెనలు.

ఉత్తరం అందింది. ఇక్కడ నన్ను పడుకోబెట్టారు. పడుకుని ఏం చేయాలని నర్సమ్మను అడిగితే, "పడుకోవాలె" అని వెళ్లిపోయింది. పక్క మంచం కిష్టవ్వ కిటికీలోంచి పిచ్చుకలను చూసి పొద్దంతా నవ్వుతుంది. నాకు ఆ విద్య రాదు.

స్త్రీల కూటంలో ముందు వరుసలో కూర్చునే వాళ్లకే కాక వెనక వాళ్లకు కూడా వినబడేలా వాక్యం చదువు. దవాఖానకు వెళ్లినప్పుడు ఉత్త చేతులతో వెళ్లకు, కనీసం రెండు నిమ్మకాయలు తీసుకుపో. పాటల్లో ఆడవాళ్లు గొంతు తగ్గించి పాడతారు, సిగ్గుపడొద్దని చెప్పు. పిల్లల్లో పద్మ ఊరికే ఉండదు, దాన్ని నీ పక్కనే కూర్చోబెట్టుకో. నీ చదువు మాత్రం వెనకపడొద్దు. మా నాయన పల్లెబడి పంతులుగా ఉన్నప్పుడు అనేవాడు, పని లేకుండా గడిపిన ప్రతి గంటకూ దేవుని ముందు జవాబు చెప్పుకోవాలని. ఇక్కడ పడుకున్న గంటలన్నిటికీ నేనేం చెప్పుకోవాలో తెలియదు.

చిన్నమ్మ

*

నాంపల్లి,
అక్టోబరు 18

ప్రియమైన చిన్నమ్మకు,

క్షేమం. ఇక్కడ అన్నీ బాగా జరుగుతున్నాయి. కూటానికి అందరూ వచ్చారు. దవాఖానకు వెళ్లాను. నిమ్మకాయలు తీసుకుపోయాను. క్రిస్మస్ పాటలు మొదలుపెట్టాం. పరీక్షలు దగ్గరపడ్డాయి. నువ్వు పడుకున్నావని తలుస్తాను.

వసుమతి

*

మెదక్,
నవంబరు 2

చిరంజీవి వసుమతికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, చదవడానికి అందులో ఏమీ లేదు కనుక. అది చర్చి తలుపు మీద అంటించే ప్రకటనలా ఉంది. ఒక్క కొత్త మాట లేదు. యాదవ్వ గురక కూడా లేదు. ఒంట్లో బాగుందా?

నాకు చాలా నయం. లేచి తిరుగుతున్నాను కూడా. ఇంత బాగున్నదాన్ని ఇంకా ఎందుకు ఉంచారో ఆ డాక్టరమ్మకే తెలియాలి.

కోత పండుగ వస్తోంది. మన ఇంటి పేరున ఏటా ఒక కానుక చర్చిలో బల్ల ముందు పెడుతున్నాను, ఒక్క ఏడాది కూడా తప్పలేదు. మర్చిపోకు.

చిన్నమ్మ

*

నాంపల్లి,
నవంబరు 23

ప్రియమైన చిన్నమ్మకు,

ముందు మంచి మాట చెబుతాను. కోత పండుగ చాలా బాగా జరిగింది. గుమ్మడికాయలు, చెరుకు గడలు, జొన్న కంకులు, రెండు కోడిపుంజులు (ప్రార్థన జరుగుతున్నా అవి ఊరుకోలేదు). మనం పొలాల్లేని పట్నంవాళ్లం కనుక సగం సరుకు మొజంజాహీ మార్కెట్ నుంచే వచ్చింది. అయినా బల్ల ముందు పేర్చాక అంతా ఒక్క చేనులో పండినట్టే కనబడింది.

ఇప్పుడు చెడ్డ మాట. నేను మర్చిపోయాను. పాటల వాళ్లను నిలబెట్టి, పిల్లలను కూర్చోబెట్టి, అందరూ కానుకలు పట్టుకుని వరుస కట్టాక చూసుకుంటే నా చేతిలో ఏమీ లేదు. నీ పేరు పిలుస్తారు, ఎవరూ లేవరు. ఆ భయంలో ఒక కాగితం చింపి, 'అనసూయమ్మ గారి ఇంటి నుంచి, ఒక శనివారం పని' అని రాసి, గుమ్మడికాయల పక్కన పెట్టాను. పెట్టాక గుర్తొచ్చింది. బల్ల ముందు పెట్టిన ప్రతిదీ ఆరాధన కాగానే హర్రాజులో వేలానికి పోతుంది కదా! వెనక్కి తీసుకోవడానికి లేదు.

హర్రాజు వేసింది పండ్ల దుకాణం మల్లన్న. ఆయన గొంతు నీకు తెలుసు. కాగితం పైకెత్తి, "చూడున్రి, చూడున్రి! ఒక శనివారం! పొద్దు పొడిచిన కాడికెల్లి పొద్దుగుంకే దాంక! మురిగేది గాదు, ఎండేది గాదు! ఎవరడుగుతరు?" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. నళినక్క తన ఇంట్లో బొంతలు ఉతికించుకోవాలని అడిగింది. శ్యామ్‌సుందర్ సారు గోడలకు సున్నం వేయించాలని ఇంకొంచెం పెంచాడు. నేను మనసులో బొంతలకూ సున్నానికీ సిద్ధమవుతున్నాను. ఇంతలో యాదవ్వ పెద్దమ్మ మనవరాలు పద్మ వాళ్ల తాత గడ్డం పట్టుకుని లాగింది.

"తాతా, కోడి వద్దు. గా శనివారం కొను."

"శనివారం ఏం జేసుకుంటవే?" అన్నాడు రాజనర్సు తాత.

"గది నా ఇష్టం."

ఏడేళ్ల మనిషి ఇష్టానికి తాత ఎదురు చెప్పలేదు. కోడికని తెచ్చుకున్నదంతా పెట్టి నన్ను కొన్నాడు.

శనివారం పొద్దున్నే ఓణీ నడుముకు దోపుకుని, చీపురు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. "ఏం పని చెయ్యాలె?" అంటే, "నాతోని ఆడాలె" అంది పద్మ. ఆట పని కాదమ్మా అన్నాను. "తాతను అడుగు, పనో కాదో. గాయన మోకాళ్లు రోజూ నొస్తయి" అంది.

బాగెఆం తోటకు పోయాం. తాత బెంచీ మీద తువ్వాల పరుచుకుని పడుకున్నాడు. మేం తొక్కుడుబిళ్ల ఆడాం. గళ్లలో అంకెలు రాసి, ఎక్కం కూడా నేర్పిద్దామని నేను "రెండు మూళ్లు?" అన్నాను. పద్మ నడుము మీద చేతులు పెట్టుకుంది. "నువ్వు మల్ల పంతులమ్మ లెక్క మాట్లాడుతున్నవ్. ఈ శనివారం నాది." నేను నోరు మూసుకుని ఒంటికాలి మీద గెంతాను. ఒంటికాలి మీద గెంతుతూ రేపటి కూటం గురించి ఆలోచించడం ఎవరివల్లా కాదు చిన్నమ్మా. కావాలంటే చూడు.

తర్వాత దాగుడుమూతలు. పద్మ కళ్లు మూసుకుంది. నేను గుబురు మొక్కల వెనక గడ్డిలో ముడుచుకుని కూర్చున్నాను. అక్కడ నేను చేయవలసింది ఏమీ లేదు. కదలకూడదు, మాట్లాడకూడదు, అంతే. నన్ను ఒకరు వెతుకుతున్నారు. దొరకడం కూడా నా పని కాదు, వెతికే వాళ్ల పని. మా బడి మొదలైన నాటి నుంచి అలా కూర్చున్నది అదే మొదటిసారి. 'ప్రభువా' అన్నాను. తర్వాత ఏం అడగాలో తోచలేదు. అడగాలనీ అనిపించలేదు.

ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు, నిద్రపోయాను కనుక. పద్మ వెతికింది. తాత లేచి వెతికాడు. తోటమాలి వెతికాడు. వాళ్లు నన్ను పట్టుకునేసరికి నీడలు రోడ్డు దాకా సాగాయి. పద్మ కళ్ల నిండా నీళ్లు, కానీ అది ఏడుపు కాదు, కోపం.

"ఆటల నిద్రవోతరా ఎవరన్న? దొంగాట! సగం శనివారం నువ్వే తిన్నవ్. మల్లొక శనివారం ఇయ్యాలె."

"ఇయ్యి బిడ్డా," అన్నాడు తాత, "లేకుంటే ఇది నన్ను తింటది."

తిరిగి వస్తూ ఉప్పు కారం చల్లిన జాంపండు ముగ్గురం పంచుకుని తిన్నాం. ఆ జాంపండుకు చెప్పినంత కృతజ్ఞత నేను ఏ పెద్ద విందుకూ దేవునికి చెప్పి ఉండను.

ఇప్పుడు నిజం రాయాలి. అక్టోబరులో నీకు అలాంటి ఉత్తరం ఎందుకు వచ్చిందంటే, అంతకు మించి నా దగ్గర మిగలలేదు. తరగతిలో కూర్చున్నా పంతులు గారి మాటలు నన్ను దాటి గోడకు తగిలేవి. ప్రార్థన అంటే రేపటి పనులు దేవునికి చదివి వినిపించడం అయిపోయింది. నీకు చెబితే లేచి వస్తావని చెప్పలేదు. ఇప్పుడు బాగున్నాను. ఒక మంచి నిద్ర పోయాను.

నీ బిడ్డ,
వసుమతి

*

మెదక్,
నవంబరు 25

వసుమతికి,

బల్ల ముందు పెట్టిన రోజు దేవునిది. దాన్ని గడ్డిలో ఆడుకుని పోగొట్టినావా? నా పేరు మీద?

అది పోనీ. అలసటతో చెట్ల చాటున పడిపోయి, పొద్దుగూకే దాకా ఎవరికీ దొరకలేదని రాసి, 'బాగున్నాను' అంటావు. అది చదివి నేను ఇక్కడ పడుకోవాలా? వచ్చే సోమవారం బయలుదేరుతున్నాను. డాక్టరమ్మ ఏమన్నా అననీ. నువ్వు కాచిగూడకు రావద్దు, నేనే టాంగా మాట్లాడుకుని వస్తాను. పుస్తకాలు తీసి చదువుకో.

చిన్నమ్మ

*

నాంపల్లి,
నవంబరు 28

ప్రియమైన చిన్నమ్మా,

రావద్దు. ఈ ఉత్తరం నువ్వు చెప్పులు వేసుకునేలోపు చేరాలని సాయంత్రం టపాలోనే వేస్తున్నాను.

మొన్న నీ ఉత్తరం చదివి అరుగు మీద కూర్చుని ఏడ్చాను. యాదవ్వ పెద్దమ్మ చేటలో బియ్యం పట్టుకుని వచ్చింది. "ఏందే? ఎవరు పోయిన్రు?" అంది. ఎవరూ పోలేదు, పోకూడదనే ఏడుస్తున్నానని చెప్పి, ఉన్నదంతా చెప్పేశాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"గింతేనా? గీ ముచ్చట ముందుగాల ఎందుకు చెప్పలే? మేమంతా ఏమనుకున్నం? మన పంతులమ్మ గానీ, ఆమె బిడ్డవు నువ్వు గానీ, పని ఎవ్వరినీ ముట్టనియ్యరు అనుకున్నం."

అంతే, గల్లీలో బయలుదేరింది. ఆ రోజు దీపాలు పెట్టే వేళకు అంతా అయిపోయింది. ఆదివారం బడి నళినక్క తీసుకుంది. దవాఖానకు యాదవ్వ పెద్దమ్మ, ఇంకో ఇద్దరూ వెళ్తారు, నిమ్మకాయలతో సహా. కూటంలో చదవడం శ్యామ్‌సుందర్ సారు భార్య తీసుకుంది. పాటలు మల్లన్నవి. మల్లన్న పాట నేర్పుతుంటే అరటిపండ్లు అమ్ముతున్నట్టే ఉంటుంది గానీ, నిజం చెప్పాలి, నిన్న సాధనలో ఆడవాళ్లంతా గొంతెత్తి పాడారు. నేను చెప్పినన్నాళ్లూ ఎత్తలేదు.

నాకు చదువు మిగిలింది, పద్మకు బాకీపడ్డ శనివారం మిగిలింది. చాలా తేలిగ్గా ఉంది. కాబట్టి నువ్వు రావద్దు. వస్తే నీకిక్కడ చేయడానికి పనే లేదు!

వసుమతి

*

మెదక్,
డిసెంబరు 3

చిరంజీవి వసుమతికి,

సోమవారం బయలుదేరలేదు. బయలుదేరాలని లేచి, వసారా చివరి దాకా నడిచి, అక్కడే పడిపోయాను. కిష్టవ్వ కేకలు వేస్తే నర్సమ్మలు ఎత్తుకొచ్చారు. నయమైందని నీకు రాసింది అబద్ధం. ఇన్నాళ్లూ రోజూ లేచి వార్డులో వాళ్లకు చదవడం, రాయడం నేర్పించాను. డాక్టరమ్మకు ఇప్పుడు తెలిసింది. ఆమె కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "ఇంకోసారి పడితే లేవవు అనసూయమ్మా" అని మెల్లగా చెప్పి వెళ్లింది.

నీ ఉత్తరం ఆ సాయంత్రమే వచ్చింది. నేను సంతోషించాలి. కానీ చదివి గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఇన్నేళ్లు నేను మోసిన పనిని గల్లీవాళ్లు దీపాలు పెట్టేలోపు పంచుకున్నారు. నాకన్నా బాగా చేస్తున్నారు కూడా. నువ్వు నవ్వుతూ రాశావు, నాకు తెలుసు. కానీ నేను లేకున్నా అంతా జరిగిపోతే, నేను దేనికి బిడ్డా? పని లేని అనసూయ ఎవరికి కావాలి? దేవునికి మాత్రం దేనికి?

ఇది నిన్ను అడగకూడదు. ఇంకెవరినీ అడగలేక అడిగాను.

చిన్నమ్మ

*

నాంపల్లి,
డిసెంబరు 13

నా ప్రియమైన చిన్నమ్మకు,

నీ ఉత్తరానికి జవాబు రాయాలని నాలుగు కాగితాలు పాడుచేశాను. నేను నేర్చుకున్న పెద్ద పెద్ద మాటలన్నీ తెచ్చి పేర్చాను. చదివితే అవి నీకు కాదు, పరీక్షకు రాసినట్టున్నాయి. అన్నీ చించేసి, నిన్న శనివారం కదా, బాకీ తీర్చడానికి పద్మ దగ్గరికి వెళ్లాను.

ఈసారి బాగెఆం వద్దంది. నాంపల్లి స్టేషన్‌కు పోయి, ఇంజన్లు పొగ వదులుతుంటే వంతెన మీద నిలబడి ఆ పొగలో మునగడం ఆట. తాతతో సహా ముగ్గురం నల్లగా అయ్యాం. పొగ పోయాక ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతుంటే పద్మ ఉన్నట్టుండి అడిగింది.

"పంతులమ్మ ఎప్పుడొస్తది?"

"ఎందుకు? ఆదివారం బడి చెప్పడానికా?"

"ఊహూఁ. నళినక్క చెప్తున్నది గదా."

"పాటలు నేర్పనీకా?"

"మల్లన్న నేర్పుతున్నడు గదా."

"మరి దేనికి?"

అది నా వైపు ఎంత ఆశ్చర్యంగా చూసిందనుకున్నావు! ఇంత చదువు చదివి ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది.

"దేనికంటే? ఊకెనే."

చిన్నమ్మా, నేను అక్కడే, ఆ వంతెన మీద, మసి మొహంతో ఏడ్చాను. తాత "పొగ వడ్డదా కండ్లల్ల?" అన్నాడు. ఔ అన్నాను.

నువ్వు వాళ్లకు ఊకెనే, ఊరికే కావాలి. మల్లన్న ప్రతి సాధన చివరా నీ పేరు పెట్టి ప్రార్థన చేయిస్తాడు, పని కోసం కాదు. యాదవ్వ పెద్దమ్మ పొద్దున్నే లేచి మన వాకిలి కూడా ఊడుస్తుంది, నువ్వు అందులో నడిచి వస్తావని. నాకు నువ్వు దేనికి కావాలో రాయమంటే ఈ కాగితం చాలదు, కానీ ఆ కారణాల్లో ఒక్కటి కూడా పని కాదు. ఆదివారం బడిలో మాకు చెప్పింది నువ్వే కదా, ప్రభువు చిన్నపిల్లలను దగ్గరికి తీసుకుని ఒడిలో కూర్చోబెట్టుకున్నాడని. ఆ పిల్లలు ఆయనకు ఏం పని చేసిపెట్టారు? నువ్వు ఆ పాఠం చెబుతున్నప్పుడు నిలబడి ఉండేదానివి. ఒక్కసారి కూర్చో.

క్రిస్మస్ నువ్వు లేకుండా జరుగుతుంది. బాగానే జరుగుతుంది. మేమంతా నిన్ను తలుచుకుంటూ ఉంటాం.

నీ బిడ్డ,
వసుమతి

*

మెదక్,
క్రిస్మస్ మరునాడు

నా బంగారు వసూ,

నీ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను. దాని గురించి ఏమీ రాయను. రాస్తే అక్షరాలు తడిసిపోతాయి.

నిన్న పండుగ. నేను లేచేసరికి కిటికీలో ఎండ ఉంది. తెల్లవారుజాము గంట నేను వినలేదు! పుట్టి బుద్ధెరిగాక క్రిస్మస్ గంట వినకుండా నిద్రపోయింది ఇదే మొదటిసారి. 'అయ్యో' అనుకోబోయి, ఎందుకో అనుకోలేదు. ఒళ్లంతా వెచ్చగా ఉంది. దూరంగా చర్చిలో పాడుతున్నారు. ఎవరో శ్రుతి తప్పారు. తప్పనీ అనుకుని పడుకునే విన్నాను. వింటూ వింటూ నాకు నవ్వొచ్చింది. కిష్టవ్వ పిచ్చుకలను వదిలి నన్ను చూడసాగింది.

పొద్దెక్కాక చర్చి పిల్లలు వార్డుకు వచ్చారు. అందరి చేతుల్లో తాటాకు పీపీలు. దవాఖానలో ఊదొద్దని పెద్దవాళ్లు చెప్పి పంపినట్టున్నారు, పట్టుకుని బుద్ధిగా నిలబడ్డారు. ఒక పిల్లను దగ్గరికి పిలిచి, "ఏదీ, జర చూపియ్యి" అన్నాను. చూసి ఇచ్చేద్దామనే తీసుకున్నాను, నిజం. కానీ చేతికి వచ్చాక అది నోటికే పోయింది. గట్టిగా ఊదాను. వార్డు మొత్తం మంచాల మీద లేచి కూర్చుంది. కిష్టవ్వ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. ఇంక పిల్లలు ఆగుతారా?

డాక్టరమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. "ఎవరు? ముందుగాల ఎవరూదిన్రు?" నేను పైకప్పు వైపు చూశాను. పిల్లలంతా ఒక్కసారిగా నా వైపు వేళ్లు చూపించారు. చర్చి పిల్లలకు అబద్ధం చెప్పొద్దని ఎవరు నేర్పించారో గానీ బాగా నేర్పించారు.

ఆమె మంచం మీద కూర్చుని, నా గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. మళ్లీ విన్నది. తర్వాత, గొడవకు సిద్ధపడ్డ మనిషిలా ఊపిరి పీల్చుకుని, "అనసూయమ్మా, కోలుకుంటున్నవ్. కానీ ఇంకో నెల ఉండాలె" అంది.

"ఉంటా" అన్నాను.

ఆమె గొట్టం చెవుల్లోంచి తీసింది. "ఏమన్నవ్?"

పీపీ మళ్లీ నోట్లో పెట్టుకున్నాను అప్పటికే, అందుకని తల ఊపాను.

నీ చిన్నమ్మ